కారుకు వేరు కాపురం

చక్కా సాంబమూర్తి గారింట్లో పొయ్యి ఒకటే. ఈ సంగతి వేణుగోపాలపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. అన్నదమ్ములిద్దరు, తోటికోడళ్లిద్దరు, పిల్లలు నలుగురు ఉన్నా అందరికీ కలిపి ఒకే అన్నం గిన్నె. అందులోంచి మొదటి గరిటెడు వాసవీ అమ్మవారి పటం ముందుకు వెళ్లాకే మిగిలింది కంచాల్లోకి వస్తుంది. సాంబమూర్తి గారికి బజారులో పూజా సామగ్రి కొట్టు ఉంది. తమ్ముడు నరసింగం ఊళ్లు తిరిగి ఆ కొట్టుకు సరుకు తెస్తాడు. అన్నగారు బడిలో చదివింది తక్కువ. గర్వమూ తక్కువే. కానీ ఆ ఒక్క పొయ్యి విషయంలో మాత్రం ఆయనకు రవ్వంత గర్వం ఉండేది. "దేవుడి దయవల్ల ఇంకా వేరుపడలేదండి" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవారు.

అలాంటి ఇంట్లోకి కరెంటు కారు వచ్చింది.

సరుకు తేవడానికి పనికొస్తుందని అన్నదమ్ములు కలిసే కొన్నారు. సిద్ధాంతి గారు జాతకాలు చూసి, వాహనం చిన్నవాడి పేరున ఉంటే కలిసివస్తుందన్నారు. అందుకని నరసింగం పేరున కొన్నారు. పెరట్లో గోడవారగా రేకుల షెడ్డు వేసి కారును అందులో పెట్టారు. సాయంత్రం కొట్టు నుంచి రాగానే కిటికీలోంచి వైరు లాగి చార్జింగు పెట్టేవారు. కారు బాగానే ఉంది. కరెంటు బిల్లు చూస్తేనే సాంబమూర్తి గారికి చన్నీళ్ల స్నానం చేసినట్టు ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే విద్యుత్ పంపిణీ సంస్థ వారు 'మధ్యాహ్న సమృద్ధి శ్రేణి' అనే పథకం ప్రకటించారు. ఎక్కడెక్కడో పరిచిన సౌర పలకల వల్ల మిట్టమధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లిపోతోందట. ఆ వేళ వాడుకుంటే చవక. ఉదయం, సాయంత్రం మాత్రం ప్రియం.

సాంబమూర్తి గారు ఈ సంగతి కొట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించారు. మధ్యాహ్నం కాగానే ఆయన కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, భోంచేసి ఓ కునుకు తీస్తారు. అదే వేళకు కారు కూడా షెడ్డులో పడుకుని ఉంటుంది. తన నిద్ర వేళా, కారు నిద్ర వేళా, కరెంటు చవక వేళా ఒకటే కావడం దైవ ఘటన లాగే తోచింది. అయినా ఆయన తొందరపడే మనిషి కాదు. ఇది తన కారుకు సరిపోతుందో లేదో ముందు కనుక్కుందామని కరెంటు ఆఫీసుకు వెళ్లారు.

అక్కడ సహాయ ఇంజనీరు విశ్వంభరం గారు ఆయన్ని కూర్చోబెట్టి శ్రద్ధగా విన్నారు.

"మీరు అడిగినది ప్రజాహితమైన ప్రశ్న" అన్నారు. "వినియోగదారుడు తన వినియోగ స్వభావాన్ని తానే అధ్యయనం చేసుకుని, తదనుగుణమైన శ్రేణిని ఎంపిక చేసుకోవడమే ఈ పథకం ఆశయం."

"అంటే చేరమంటారా, వద్దంటారా?"

"అది సంస్థ చెప్పదు. చేరాక ఏం జరుగుతుందో మాత్రం చెబుతుంది. ఇల్లంతా ఈ శ్రేణిలోకి తెస్తే ఇంట్లో ప్రతి వస్తువుకూ ఇవే ధరలు. మధ్యాహ్నం సమృద్ధి, ఉదయం సాయంత్రం సంయమనం."

ఆ సంయమనం సంగతి సాంబమూర్తి గారు ఇంటికొచ్చి భార్య అనసూయమ్మకు చెప్పారు. ఆవిడ గ్రైండరు కడుగుతూ వింది.

"పొద్దున్నే పిండి రుబ్బకూడదు. సాయంత్రం లైటు వెయ్యకూడదు. ఇంకేం, మిట్టమధ్యాహ్నం లైట్లన్నీ వేసి ఇడ్లీలు పెడతాను, తినండి" అంది.

"కారుకి ఒక్కదానికే విడిగా మీటరు పెట్టిస్తే సరి అన్నయ్యా" అన్నాడు నరసింగం. "ఇంటి మీటరు ఇంటిదీ, కారు మీటరు కారుదీ. దాని లెక్క దానిది."

సాంబమూర్తి గారికి ఈ మాట నచ్చింది. అయినా 'చేరు' అని ఒకటి, 'వద్దు' అని ఒకటి చీట్లు రాసి అమ్మవారి ముందు వేశారు. 'చేరు' అనే వచ్చింది. అమ్మవారు పథకం షరతులు చదివి ఉండరన్న సంగతి ఆయనకు తర్వాత తట్టింది.

మళ్లీ ఆఫీసుకు వెళ్లి విడి మీటరు అడిగారు. విశ్వంభరం గారు సంతోషించారు.

"దివ్యంగా ఇస్తాం. అయితే ఒకే ఆవరణలో రెండో మీటరు ఇవ్వాలంటే అక్కడ వేరు కాపురం ఉండాలి."

"వేరు కాపురం అంటే ఏవిటండి మీ లెక్కలో?"

"వేరు వంటగది. నిబంధన చాలా స్పష్టంగా ఉంది. వంటగది వేరైతే కాపురం వేరు, కాపురం వేరైతే మీటరు వేరు. కనుక మీ కారుకు వంటగది ఉండాలి."

సాంబమూర్తి గారు మెల్లగా అడిగారు. "కారు వంట చేసుకోదు కదండి?"

"చేసుకోవాలని మేమూ అనడం లేదు. వంటగది ఉండాలని మాత్రమే అంటున్నాం. వంటగది ఉండీ వంట చేసుకోని కాపురాలు పట్నాల్లో ఎన్ని లేవు? వాటికి మీటర్లు ఇవ్వడం లేదా? సరే, బండి ఎవరి పేరున ఉంది?"

"మా తమ్ముడి పేరునండి."

"అయితే ఆ కాపురానికి గృహస్థు మీ తమ్ముడు. ఆయన భార్యాబిడ్డలు సభ్యులు."

"వాళ్లు నా దగ్గరే తింటారండి. మా ఇంట్లో పొయ్యి ఒకటే."

"అది మీ ఆంతరంగిక విషయం. కాగితం మీద మాత్రం కారు దగ్గర తింటారు."

సాంబమూర్తి గారు లేచి దణ్ణం పెట్టి వచ్చేశారు. ఇంటికొచ్చి చెబితే నరసింగం నవ్వేశాడు.

"కాగితం మీదే కదా అన్నయ్యా. కాగితం మీద నువ్వు కొట్టుకు పన్ను కట్టే యజమానివి, నేను నీ దగ్గర గుమాస్తాని. అలా ఉంటున్నామా?"

అది నిజమే అనిపించింది. కాగితం మీద జరిగేది ఇంట్లోకి రాదని అందరూ నమ్మారు.

షెడ్డులో ఓ మూల గట్టు కట్టించారు. గ్యాసు పొయ్యి పెడదామంటే, రెండో గ్యాసు కావాలంటే గ్యాసు కంపెనీ వాళ్లు వేరు కాపురమని రుజువుగా వేరే కరెంటు మీటరు చూపించమన్నారు. అందుకని కరెంటు పొయ్యే కొన్నారు. పొయ్యి పెట్టినచోట పాలు పొంగించకపోతే ఎలా అని సాంబమూర్తి గారు పురోహితులు సోమయాజులు గారి దగ్గరికి ముహూర్తానికి వెళ్లారు.

"గృహప్రవేశం ఎవరిది?" అన్నారాయన పంచాంగం తిప్పుతూ.

"కారుదండి."

సోమయాజులు గారు ఇలాంటివి చాలా చూసి ఉంటారు. "నక్షత్రం?" అని మాత్రం అడిగారు.

పాలు పొంగాయి. రెండు రోజులకు సంస్థ వారి గృహ నిర్ధారణ అధికారి త్రినాథరావు గారు తనిఖీకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టు ఉంటారు. ఆయన పొయ్యి చూశారు, గట్టు చూశారు, కారు చుట్టూ ఒకసారి తిరిగి చివరికి గోడ దగ్గర ఆగిపోయారు.

"మసి లేదే" అన్నారు.

"కరెంటు పొయ్యి కదండి, మసి రాదు" అన్నాడు నరసింగం.

"వస్తుందా రాదా అన్నది నాకు సంబంధం లేదు. వంటగది అనడానికి మూడు ఆనవాళ్లు ఉండాలి. పొయ్యి, గట్టు, గోడకు మసి. మూడోది లేకపోతే ఇది వంటగది కాదు, పొయ్యి ఉన్న షెడ్డు."

అనసూయమ్మ లోపలికి వెళ్లి, పిల్లల కాటుక కోసం ఆముదం దీపం మీద బోర్లించి ఉంచిన ఇత్తడి పళ్లెం తెచ్చింది. దాని అడుగున ఉన్న మసిని వేళ్లతో తీసి గోడకు చక్కగా రాసింది. పొగ పైకి వెళ్లే దారిలో ఎలా పడుతుందో అలాగే, కింద చిక్కగా, పైన పల్చగా రాసింది. త్రినాథరావు గారు ఆవిడ పని పూర్తయ్యేవరకు మర్యాదగా పక్కకు తిరిగి నిలబడి, తర్వాత మళ్లీ గోడ చూశారు.

"ఇదీ కాపురమంటే" అని సంతకం పెట్టారు.

మీటరు వచ్చింది. మధ్యాహ్నం పూట కారు చవకగా నిండుతోంది. సాంబమూర్తి గారు కునుకు తీయబోయే ముందు షెడ్డులోకి తొంగిచూసి, మీటరు మీద మెరిసే చిన్న ఎర్రదీపానికి దణ్ణం పెట్టుకునేవారు.

కానీ తనిఖీ ఏ మధ్యాహ్నమైనా రావచ్చు. వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంటే మీటరు ఊడిపోతుంది. అందుకని నరసింగం భార్య రత్నకుమారి రోజూ ఆ వేళకు పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టి ఉంచడం మొదలుపెట్టింది. మొదట నీళ్లు కాచింది. ఉత్త నీళ్లు కాచడం దండగని పప్పు వేసింది. ఆపైన ఉల్లిపాయ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అనసూయమ్మ వంటగదిలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నైవేద్యం వండే పొయ్యి కనక ఆవిడ వాటిని గడప దాటనివ్వదు. రత్నకుమారి పుట్టింట్లో అవి లేనిదే పోపు ఉండదు. పెళ్లయిన నాటినుంచి ఆవిడ ఆ రెండింటినీ మర్చిపోయినట్టే ఉండేది. షెడ్డులో మొదటిరోజు వెల్లుల్లి చిటపటలాడాక తెలిసింది, ఏమీ మర్చిపోలేదని.

"ఏవిటే రత్నం ఆ వాసన?" అంది అనసూయమ్మ పెరటి గుమ్మంలోంచి.

"కారు మడి కట్టుకోదు కదక్కా" అంది రత్నకుమారి.

పిల్లలు ముందు వెళ్లారు. వాళ్ల వెనకాలే, రుచి చూద్దామని నరసింగం వెళ్లాడు. చూసినవాడు అక్కడే కూర్చున్నాడు. వాళ్ల కంచాలు ఒక్కొక్కటే పెద్ద వంటింటి గూట్లోంచి షెడ్డు గట్టు మీదికి చేరాయి. అనసూయమ్మ పెద్ద గిన్నె కడిగి పైన పెట్టేసి చిన్న గిన్నె దించింది. అది చూసి సాంబమూర్తి గారు ఆ పూట మజ్జిగ అన్నం తినకుండానే లేచారు.

అయినా రత్నకుమారి మనసులో ఏమీ లేదు. ఒకరోజు గుత్తొంకాయ బాగా కుదిరితే, ఉల్లి వేయకముందే బావగారి కోసం విడిగా ఓ గిన్నెలో తీసి, పెరట్లోంచి తీసుకెళ్తోంది. అప్పుడే త్రినాథరావు గారు గేటు తీశారు.

"ఆగండి" అన్నారు. "ఆ గిన్నె ఎక్కడికి వెళ్తోంది?"

మర్నాడు ఏకంగా విశ్వంభరం గారే వచ్చారు. పెరట్లో కుర్చీ వేయించుకుని ఇంటిల్లిపాదినీ సమావేశపరిచారు.

"మీరు తెలియక చేశారని సంస్థ భావిస్తోంది. కాని విషయం తీవ్రమైనది. ఒక శ్రేణిలో చవకగా పొందిన విద్యుత్తును మరొక శ్రేణి కాపురానికి సరఫరా చేయడం నేరం."

"మేం కరెంటు ఇవ్వలేదండి. వంకాయ కూర ఇచ్చాం" అంది రత్నకుమారి.

"ఆ కూర దేనితో ఉడికింది?"

"కరెంటుతో."

"ఆ కరెంటు ఇప్పుడు ఎక్కడుంది?"

అందరూ మీటరు కేసి చూశారు.

"కూరలో ఉంది" అన్నారు విశ్వంభరం గారు ఓర్పుగా. "వేడి రూపంలో. మీరు గిన్నెలో పోసి గోడవతలకు పంపింది సమృద్ధి శ్రేణి విద్యుత్తే. వంకాయ అందుకు వాహకం మాత్రమే."

సాంబమూర్తి గారు చేతులు కట్టుకుని అడిగారు. "మరి మజ్జిగ ఇచ్చుకోవచ్చా అండి?"

"కవ్వమా, మిక్సీయా?"

"కవ్వమేనండి."

"అయితే మజ్జిగ స్వేచ్ఛగా రాకపోకలు సాగించవచ్చు."

"ఆవకాయ?"

విశ్వంభరం గారు కొంచెం ఇబ్బందిపడ్డారు. "ముక్కలు, మిరపకాయలు ఎండలో పెట్టారు కదా. అది సౌరశక్తి. దాన్ని వేరే విభాగం చూస్తుంది. వాళ్లు రాసేవరకు మీరు వాడుకోండి."

వెళ్లేముందు, ఆయన వెంట వచ్చిన త్రినాథరావు గారు పెరటి నడుమ సున్నంతో ఓ గీత గీశారు. గిన్నెలు దాటకూడదు, మనుషులు దాటవచ్చు అన్నారు. అవతల తిని ఇవతలికి వస్తే తప్పు లేదా అని నరసింగం అడిగితే, పొట్టలోకి వెళ్లినది సరఫరా కాదు, వినియోగం, అయితే ఎప్పుడో ఒక పూటకే అని విశ్వంభరం గారు తేల్చారు.

ఆ రోజునుంచి మధ్యాహ్నం అన్నదమ్ములు పెరట్లోనే, గీతకు చెరోపక్కా పీటలు వేసుకుని కూర్చునేవారు. ఎవరి కంచం వారిది, ఎవరి పప్పు వారిది.

"ఆ ఉప్పు ఇటివ్వు అన్నయ్యా."

"తీసుకో. ఉప్పుకి కరెంటు తగల్లేదు."

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. ఇటుపక్క గిన్నెలో మిగిలిన చారు అటుపక్కవాడికి ఇష్టమని ఇద్దరికీ తెలుసు.

ఈలోగా ఊళ్లో చక్కావారు వేరుపడ్డారని గుప్పుమంది. కొట్టుకొచ్చిన వాళ్లు కర్పూరం కొనుక్కుంటూ, "ఎంత బాగుండేవారండి మీరు. కాలం అలా ఉంది" అని ఓదార్చి వెళ్తున్నారు. కరెంటు మీటరు కోసమండి అని సాంబమూర్తి గారు చెబితే, "ఏదో ఒక కారణం ఉంటుంది లెండి. మా వాళ్లు రోలు దగ్గర విడిపోయారు" అన్నారు. బజారు పెద్ద ఒకాయన కొట్టు పంపకాలకు తాను మధ్యవర్తిగా ఉంటానని కబురు కూడా పెట్టాడు.

ఆపైన తండ్రిగారి తద్దినం దగ్గరపడింది.

సోమయాజులు గారు వచ్చి పీట మీద కూర్చుని పెరట్లో గీతను, రెండు వైపుల నుంచీ వస్తున్న పోపు వాసనలను గమనించారు.

"మీరు విభక్తులా, అవిభక్తులా?" అన్నారు.

"కాగితం మీద విభక్తులమండి. మనసులో కాదు."

"పితృదేవతలు కాగితమూ చూడరు, మనసూ చూడరు నాయనా. పొయ్యి చూస్తారు. అన్నదమ్ములు ఒక్క పొయ్యి మీద తింటుంటే పెద్దవాడు పెడితే చాలు, చిన్నవాడికీ చెల్లుతుంది. పొయ్యి వేరైతే ఎవరి తద్దినం వారిదే. వంట వేరు, భోక్తలు వేరు, పిండాలు వేరు."

సాంబమూర్తి గారు పెరట్లో సున్నం గీత కేసి చూశారు. "మరి నాన్నగారు ఎటు వస్తారండి?"

"రెండువైపులకూ రావాలి."

"ఆయన ఎప్పుడూ మా ఇద్దరినీ చెరోపక్కనా కూర్చోబెట్టుకునే తినేవారండి. ఒంటరిగా ముద్ద దిగేది కాదు."

"శాస్త్రం అలా ఉంది" అన్నారు సోమయాజులు గారు. ఆయన గొంతులో కూడా విశ్వంభరం గారి గొంతే వినిపించినట్టయింది సాంబమూర్తి గారికి. అలా అనుకోవడం పాపమని వెంటనే చెంపలు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కరెంటు ఆఫీసు తలుపులు తీసేసరికి ఆయన మెట్ల మీద ఉన్నారు.

"అయ్యా, ఈ శ్రేణి నాకు వద్దండి. కారు మీటరు తీసేయండి. ఎప్పటిలా కిటికీలోంచే పెట్టుకుంటాను."

"సమృద్ధి శ్రేణిలో చేరినవారు గడువు తీరేవరకు సమృద్ధిలోనే ఉండాలి" అన్నారు విశ్వంభరం గారు. "మధ్యలో వెళ్లిపోతే పథకం విజయవంతమైనట్టు కాదు."

"పోనీ మీటరు ఉండనీయండి. మా కాపురాలు కలుపుకుంటాం. ఆ మాట రాసుకోండి."

విశ్వంభరం గారు నిబంధనల పుస్తకం తెప్పించుకుని మొదటినుంచి చివరివరకు తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు. ఆయన ముఖంలో మొదటిసారి కొంచెం సందేహం కనిపించింది.

"కాపురం విడదీయడానికి నిబంధన ఉంది. కలపడానికి లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"ఒక్కరు కూడానా?"

"మీరే మొదటివారు."

విశ్వంభరం గారు పుస్తకం మూశారు. ఫ్యాను తిరుగుతోంది. చివరికి సాంబమూర్తి గారే అడిగారు. "మరి మా పాత మీటరుకు గడువు ఉందాండి?"

"ఇంటి మీటరుకా? లేదు. అది ఎప్పుడైనా వదులుకోవచ్చు. కాని వదులుకుంటే ఇల్లు కాపురం లేని ఇల్లు అవుతుంది. మీరెక్కడ తింటారు?"

"తమ్ముడి దగ్గర."

"రోజూనా?"

"రోజూనండి."

"అప్పుడు మీరు అతిథి కారు. ఆ కాపురంలో సభ్యులవుతారు. గృహస్థు మీ తమ్ముడే. మీరూ మీ భార్యా మీ పిల్లలూ ఆయన మీద ఆధారపడినవారుగా నమోదవుతారు. పెద్దవారు, ఆలోచించుకోండి. ఇంటి యజమానిగా మీ పేరు ఎక్కడా ఉండదు."

ఆ ఇంటికి తండ్రి పోయిన నాటినుంచి సాంబమూర్తి గారే పెద్ద. చిన్నవాడికి చదువు చెప్పించిందీ ఆయనే, పెళ్లి చేసిందీ ఆయనే. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు, అప్పుడు కూడా అనలేదు.

"పొయ్యి ఒకటే అవుతుంది కదండి?"

"ఒకటే."

"అయితే రాయండి" అన్నారు.

ఆ సాయంత్రమే ఇంటి మీటరు తీసేశారు. ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి, గ్రైండరుకు గుడ్డ కప్పారు. అనసూయమ్మ పాత వంటింట్లో పొయ్యి తుడిచి, ముగ్గు వేసి, తలుపు దగ్గరికి వేసింది. అమ్మవారి పటాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని తనే షెడ్డుకు తెచ్చింది. షెడ్డులో ఎనిమిదిమంది మనుషులూ, అమ్మవారూ, కారూ పట్టరు. ఎవరు బయటికి వెళ్లాలన్న చర్చ ఎక్కువసేపు జరగలేదు. నరసింగం కారును వీధిలోకి నడిపి గోడ పక్కన ఎండలో పెట్టాడు. గేటు దాటించి వైరు లాగకూడదని నిబంధన. కారు అక్కడే ఆగిపోయింది. సరుకు కోసం మళ్లీ ఆటో మాట్లాడుకున్నారు.

ఉల్లి సంగతి తోటికోడళ్లు ఒక్క మాటలో తేల్చుకున్నారు.

"ముందు నైవేద్యం అయిపోనీ. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తగలేసుకో" అంది అనసూయమ్మ.

"నువ్వూ తిని చూడక్కా, మనిషివవుతావు" అంది రత్నకుమారి.

సాయంత్రాలు కరెంటు ప్రియం కనక పొద్దుగూకకముందే భోజనాలు ముగించేవారు. అది చూసి వీధిలోవాళ్లు ఏదో నియమం పట్టారనుకుని దణ్ణాలు పెట్టసాగారు.

తద్దినం రోజు వచ్చింది. సోమయాజులు గారు షెడ్డులో అడుగుపెట్టి ఒకే పొయ్యి, ఒకే గిన్నె చూసి తల పంకించారు.

"ఇప్పుడు అవిభక్తులు. పెద్దవాడు కర్త, చిన్నవాడు వెనక కూర్చుని భుజం తాకితే చాలు. పితృకార్యానికి అపరాహ్ణం ప్రశస్తం. మీ కరెంటు వాళ్ల సమృద్ధి వేళ కూడా అదేనట కదా. శాస్త్రానికీ శ్రేణికీ చక్కగా కుదిరింది."

కార్యం సవ్యంగా జరిగింది. భోక్తలు తిన్నారు. సాంబమూర్తి గారు తడిపంచెతో పిండం విస్తట్లో పెట్టుకుని గోడ మీద ఉంచి వెనక్కి వచ్చారు. కాకి ముట్టాక గానీ ఇంట్లోవాళ్లు ముద్ద ముట్టకూడదు. కాకి రాలేదు. పెరటి గోడ మీద ఒకటి వాలి, విస్తరి కేసి చూసి, ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు.

"నాన్నగారికి మన మీద కోపం వచ్చిందిరా" అన్నారు సాంబమూర్తి గారు మెల్లగా. "కాగితం మీదైనా వేరుపడ్డాం కదా."

సరిగ్గా అప్పుడే త్రినాథరావు గారు గేటు తీసుకుని వచ్చారు. షెడ్డంతా కలియజూశారు.

"ఈ మీటరు కారు కోసం ఇచ్చింది. కారేది?"

"వీధిలో ఉందండి" అన్నాడు నరసింగం.

"కారు వీధిలో ఉంటే మరి ఈ మీటరు మీద ఏం ఎక్కుతోంది?"

"గారెలు" అంది అనసూయమ్మ.

త్రినాథరావు గారు రాసుకున్నారు. "గృహస్థు ఎవరు?"

నరసింగం చెయ్యెత్తబోయి అన్నగారి మొహం చూసి దించేశాడు.

"వాడేనండి గృహస్థు" అన్నారు సాంబమూర్తి గారు. "నేను వాడి మీద ఆధారపడినవాణ్ని. రాసుకోండి. ఈ పూట మీరు మా ఇంట్లోనే భోంచేయాలి. తద్దినం నాడు వచ్చినవాణ్ని ఆకలితో పంపకూడదు."

"నేను తింటే సభ్యుణ్ని అవుతానేమో" అన్నారు త్రినాథరావు గారు గారెల బుట్ట వైపు చూస్తూ.

"ఒక్కపూటకి అతిథేనండి. కాకపోతే కాకి ముట్టాలి. అందాకా కూర్చోండి."

ఆయన కూర్చుని, ఖాళీగా ఉండలేక నివేదిక తీశారు. "చివరగా ఒక్క ప్రశ్న. సమృద్ధి శ్రేణి మీకు అనుకూలంగా ఉన్నదా, లేదా?"

సాంబమూర్తి గారు తమ్ముణ్ని పిలిచి, గోడ మీది విస్తరి తీయించారు. "గృహస్థువి నువ్వు, కర్తని నేను. ఇద్దరం పట్టుకుందాం" అన్నారు. అన్నదమ్ములు చెరో కొస పట్టుకుని విస్తరిని వీధిలోకి తెచ్చారు. అక్కడ నీడ లేకుండా, నాలుగు దిక్కులకూ కనబడేలా ఉన్న చోటు ఒక్కటే ఉంది. కారు మీద పెట్టి, వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"కారు సంగతి నాకు తెలియదండి" అన్నారు సాంబమూర్తి గారు. "మా వరకు మేం దానికి సరిపోయాం. అలా రాసుకోండి."

త్రినాథరావు గారు అదెలా రాయాలా అని కలం పట్టుకుని ఆలోచిస్తుండగా రెక్కల చప్పుడయింది. కాకి ఒక్కటే వచ్చింది. కారు పైకప్పు మీద తీరుబడిగా అటూ ఇటూ నడిచి, ముద్దలో ముక్కు పెట్టింది.

రత్నకుమారి గుమ్మంలోంచి చూసి, విస్తళ్లు పరచడానికి వెనక్కి తిరుగుతూ చెప్పింది.

"వడ్డించక్కా. మావయ్యగారు కారెక్కారు."